వదిన అనని మాట

చిట్టి తడిగుడ్డతో గుడ్లు తుడుస్తోంది. ఒక్కో గుడ్డునూ అరచేతిలో పెట్టుకుని, అంటుకున్న మట్టినీ ఈకనూ మెల్లగా ఒత్తి తీసి, సన్నకొస కిందికి వచ్చేలా అట్టపెట్టె గుంతలోకి దించాలి. రోజూ పొద్దున్నే అది ఆమె పని. పన్నెండు గుంతల పెట్టె. పోయిన నెల దాకా పెరట్లోని ఎనిమిది కోళ్లూ కలిసి రోజుకు ఆరో ఏడో పెట్టేవి, రెండు రోజులకో పెట్టె నిండేది. ఈవేళ మూడే దొరికాయి. నిన్నా మూడే.

"ఎన్నొచ్చాయి చిట్టీ?" అని కుట్టుమిషను దగ్గర్నుంచి వదిన అడిగింది.

"మూడు."

"మంచిదేలే. కొట్టుకు మోసుకెళ్లడానికి తేలిక," అంది వదిన తల ఎత్తకుండానే.

ఆవిడ తీరే అంత. లోకంలో 'లేదు' అనే మాట ఒకటుందని వదినకు తెలియదేమో అనిపిస్తుంది. డబ్బాలో పంచదార అడుగంటితే పంచదార నిండుకుందంటుంది. దారపుకండె అయిపోతే దారం నిండుకున్నట్టే. నెలాఖరుకు భర్త చొక్కా ఉతకడానికి తీసి, "మీ అన్నయ్య జేబు కూడా నిండుకుంది" అని చిట్టికి చూపించి నవ్వుతుంది. పెద్దవాళ్లు చాలామంది అలాగే అంటారు గానీ, వదిన పట్టింది పట్టు. ఆ నోటి వెంట కొరత అనేది ఏ రూపంలోనూ బయటికి వచ్చిన రోజు చిట్టికి గుర్తు లేదు.

వదినకిప్పుడు ఏడో నెల. అంతకు ముందు రెండు సార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి మూడో నెలలో, రెండోసారి ఆరు దాటాక. అప్పుడు కూడా పలకరించడానికి వచ్చినవాళ్లతో పోయిందనలేదు. "ఇంకా రాలేదు," అంది, బస్సు సంగతి చెప్పినట్టు. అందుకని ఈసారి ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నారు. అందరూ అంటే బస్సుల డిపోలో మెకానిక్కుగా చేసే అన్నయ్యా, చిట్టీ, అంతే. అన్నయ్య బూట్లు గుమ్మం బయటే విప్పి, తన ఇంట్లోకి తనే దొంగలా వస్తున్నాడు. చప్పుడైతే లోపలి బిడ్డ జడుసుకుంటుందని అతని భయం. వదిన మాత్రం మిషను దడదడలాడిస్తూ చొక్కా కాలర్లు కుడుతూనే ఉంది. ఆ చప్పుడుకే దానికి నిద్ర పడుతోందట, ఆపితేనే లేచి తంతుందట.

చిట్టికి తొమ్మిదేళ్లున్నప్పుడు అమ్మ పోయింది. అన్నయ్య పెళ్లి చేసుకుని తెచ్చిన ఇరవయ్యేళ్ల పిల్లే ఆ రోజు నుంచీ చిట్టికి అన్నీ అయింది. జడలేసింది, పల్లెలో బడికి పంపింది, తనకు రాని పాఠాలు కూడా కూర్చుని అప్పజెప్పించుకుంది. చదువయ్యాక చిట్టికి పట్నంలో ఉద్యోగం వస్తే మిషన్నూ కోళ్లనూ లారీ ఎక్కించుకుని ముగ్గురూ వచ్చేశారు.

ఆ ఉద్యోగంలోనే వచ్చింది తంటా అంతా.

కాగితాల కొట్టు పైన రెండో అంతస్తులో, గోడల నిండా చిన్న చిన్న సొరుగులున్న పొడుగాటి గది. అక్కడ ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలు చెప్పే పెద్ద నిఘంటువు తయారవుతోంది. ఇరవయ్యేళ్లుగా తయారవుతూనే ఉంది. ఒక్కో మాటకు ఒక సొరుగు, ఒక్కో అర్థానికి ఒక చీటీ. దాన్ని నడిపే ముసలాయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. అర్థం కింద ఇచ్చే తెలుగు వాక్యం ఎవరో ఒకరు నిజంగా నోటితో అన్నదై ఉండాలి. కల్పించకూడదు, పుస్తకాల్లోంచి ఎత్తకూడదు. వాక్యం కింద ఎవరన్నారు, ఎక్కడ, ఏ తారీఖున అని మూడు గళ్లుంటాయి. అవి కూడా వాక్యంతో పాటే అచ్చవుతాయి. ఆ పుస్తకానికి ఉన్న గొప్పంతా అదే.

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, చేసేవాళ్లకు తెలుస్తుంది. గొడుగు మీద వాక్యం కోసం ఒకాయన వానలో బస్టాపులో రెండు గంటలు నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఆయనే తడిసి ముద్దయి, "గొడుగు తెచ్చుకున్నాను కాదు, నా మొహం" అని పైకే అనుకుని, దాన్నే చీటీ మీద రాసుకొచ్చాడు. పెద్దాయన ఒప్పుకున్నాడు. ఎవరన్నా అన్నదే కదా అని.

చిట్టి చేరేసరికి 'పూర్' అనే మాట సొరుగు పూర్తికాకుండా ఉంది. ఆమెకు ముందు దాన్ని చూసిన కళ్లద్దాలావిడ ఉన్నట్టుండి పని మానేసింది. ఎందుకు మానేసిందంటే ఎవరూ చెప్పలేదు. ఆ సొరుగు చిట్టి బల్ల మీదికి వచ్చింది.

చిన్న మాటే. బడి మెట్లెక్కిన ప్రతివాళ్లకూ తెలుసు, పూర్ అంటే పేద, బీద. ఆ అర్థానికి వాక్యాలు కోకొల్లలు. మనం జాలిపడి పాపం అనే చోట కూడా వాళ్లు ఆ మాటే అంటారు, దానికీ ఉన్నాయి. కొందరు చనిపోయినవాళ్లను తలుచుకునేటప్పుడు పేరుకు ముందు దాన్ని తగిలిస్తారట. దానికి వాక్యం కళ్లద్దాలావిడ తెచ్చిపెట్టే వెళ్లింది. ఒక్క చీటీ మాత్రం ఖాళీగా ఉంది. అన్నిటికన్నా పాత అర్థానిది.

ఆ మాట పుట్టుక గురించి పెద్దాయన మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాడు. ఇంగ్లీషులోకి అది ఫ్రెంచి నుంచి వచ్చిందట, ఫ్రెంచిలోకి లాటిన్ నుంచి. లాటిన్‌లో అది రెండు ముక్కలు అతికిన మాట అయ్యుంటుందని పండితుల ఊహ. ఒక ముక్కకు కొంచెం అని అర్థం, రెండోదానికి కనడం అని.

"కొంచెంగా కనేది. అసలది మనుషుల కోసం పుట్టిన మాట కాదంటారమ్మాయ్," అన్నాడు పెద్దాయన. "ఎంత దున్నినా గుప్పెడే ఇచ్చే నేలను అన్నారు. ఎంత మేపినా ఈనని గొడ్డును అన్నారు. మనిషి మీదికి తర్వాతెప్పుడో వచ్చింది. ఏమీ పుట్టని చోటు నుంచి బయల్దేరి, నడుచుకుంటూ మనిషి గుమ్మంలోకొచ్చి కూర్చుంది. కూర్చున్నది మళ్లీ లేవలేదు."

ఆయన మామూలుగానే చెప్పాడు, టీ చల్లారిందని చెప్పినట్టు. చిట్టి మాత్రం ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి లోపలికి వెళ్లింది. ఎందుకాగిందో తనకే తెలియదు.

నెల రోజులు వెతికింది. పాలబూతు దగ్గర నిలబడింది, మొక్కలమ్మే చోట తిరిగింది. తన దగ్గరున్నది తక్కువగా ఇస్తోందని ఎవరైనా సొంత నోటితో అనాలి కదా. పట్నంలో ఎవరి దగ్గరా ఏదీ పుట్టదు, అన్నీ కొనుక్కొచ్చినవే. ఆమెకు తెలిసి కాసేదీ కనేదీ ఉన్న ఇల్లు ఒక్కటే, తమ ఇల్లు. అక్కడ ఆ మాట అనాల్సిన మనిషేమో వదిన. ఇక దొరికినట్టే.

పోయిన నెల ఆఖరు శుక్రవారం, ఆ పుట అచ్చాఫీసుకు వెళ్లే రోజు. అందరూ తన బల్ల వంక చూస్తున్నారు. పొద్దున ఎర్రకోడి గుడ్డు పెట్టలేదని చిట్టికి గుర్తొచ్చింది. వదిన బదులు ఇంకెవరైనా అయితే ఏమనేవారో ఊహించుకుని, చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసేసింది: "ఎంత పెట్టినా ఇది ఇంతే ఇస్తుంది."

ఎవరన్నారు: మా వదిన. ఎక్కడ: మా ఇంట్లో. సొంత మనిషి పేరు చెబితే ఎవరూ వెళ్లి అడగరని ధైర్యం. తారీఖు గడి దగ్గర, బల్ల మీదున్న రబ్బరు స్టాంపు తీసి చూడకుండా గుద్దింది. సొరుగు మూసేసింది. అంతే, ఆ తర్వాత మర్చిపోయింది.

ఇంట్లో తగ్గడం ఆ వారం నుంచే మొదలైంది. ముందు గుడ్లు. తర్వాత దారం. ఒక కండెతో పన్నెండు కాలర్లు కుట్టే వదినకు తొమ్మిదో కాలర్ దగ్గరే కండె అయిపోతోంది. కొత్త సబ్బు నాలుగు రోజులకే చిలక ముక్కంత అవుతోంది. లీటరు పాలు పోసి కాస్తే మూడు గ్లాసులకు వచ్చేవి, రెండున్నర దగ్గర గిన్నె వంపినా చుక్క రాదు. కొళాయి తిప్పితే బిందె నిండేలోపు ధార సన్నబడి దారమవుతుంది. పక్కిళ్లలో ఎక్కడా ఏ లోటూ లేదు. వదిన ప్రతిదానికీ ఒక మంచిమాట చెప్పింది. దారం కొత్తరకం, సబ్బు మెత్తరకం, పాలు చిక్కన. అన్నయ్య తలగోక్కుని, కొళాయి విప్పి చూసి, బాగానే ఉందని బిగించేశాడు.

గురువారం గురువారం మధ్యాహ్నం నర్సమ్మ వస్తుంది. వదినను చెక్కబల్ల మీద పడుకోబెట్టి, టేపుతో పొట్ట పొడవు కొలిచి, చిన్న అట్ట మీద రాసుకుని వెళ్తుంది. పోయిన గురువారం కొలిచి, అట్ట చూసి, మళ్లీ కొలిచింది.

"అంతకు ముందు వారం కూడా ఇంతే ఉందే," అంది.

"టేపు సాగిందేమోలెండి," అంది వదిన.

నర్సమ్మ నవ్వలేదు. వచ్చే వారం కూడా ఇంతే ఉంటే ఆసుపత్రికి రావాల్సి ఉంటుందని చెప్పి వెళ్లింది. ఆమె వెళ్లాక వదిన చాలాసేపు మిషను తొక్కలేదు.

ఆ తర్వాతి సోమవారం అది. చిట్టి మూడు గుడ్లు తుడిచి పెట్టి ఆఫీసుకు వెళ్లేసరికి, అచ్చయిన పుటలు బల్ల మీద ఉన్నాయి. తన మాట ఎక్కడుందో చూసుకుందామని పేజీ తిప్పింది. కొంచెంగా కనేది, తక్కువగా ఇచ్చేది. "ఎంత పెట్టినా ఇది ఇంతే ఇస్తుంది." మా వదిన, మా ఇంట్లో. దాని కింద ఈ నెల పందొమ్మిదో తారీఖు.

ఆ రోజు పదహారు.

చిట్టి స్టాంపు వెనక్కి తిప్పి చూసింది. పందొమ్మిదిన పుటలు కుట్టుపనికి వెళ్తాయి కనుక, కట్టల మీద వేసుకోవడానికి గుమాస్తా ముందుగానే చక్రాలు తిప్పి ఉంచుకున్నాడు. తను చూసుకోకుండా దాన్నే వేసింది. ఇంకా రాని రోజున, వదిన అననే అనని మాట. గుడ్లూ దారమూ పాలూ టేపూ అన్నీ ఒక్కసారి వరుసగా నిలబడి ఆమె వైపు చూసినట్టయింది.

కాగితం పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్లింది. ఈ వాక్యం తీసేయాలని అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు.

"కల్పించావు కదూ," అన్నాడు. "నాకు అప్పుడే తెలుసు. విన్న వాక్యంలో ఎక్కడో ఒక మాట అక్కర్లేకుండా వేలాడుతూ ఉంటుంది. నీది కొలిచి కుట్టినట్టుంది."

"మరి అచ్చుకెందుకు పంపారు సార్?"

పెద్దాయన కుర్చీలోంచి లేచి, అడుగు వరసలోని ఒక సొరుగు లాగి బల్ల మీద పెట్టాడు. దాంట్లో పేరు లేదు. రకరకాల చేతిరాతల్లో పాత చీటీలు. అన్నీ ఇక్కడ పనిచేసినవాళ్లు కల్పించినవేనట. ప్రతి చీటీ మూలా ఎర్రసిరాతో ఒక టిక్కు ఉంది.

"అన్నవే అన్నీ. ఎవరి పేరు రాశారో వాళ్లే అన్నారు, తర్వాత. నేను కనుక్కుని టిక్కు పెడతాను. ఇప్పటిదాకా అనకుండా మిగిలింది ఒక్కటీ లేదమ్మాయ్. అందుకే ఈమధ్య తీసేయడం మానేశాను."

పైనున్న చీటీ కళ్లద్దాలావిడది. చనిపోయినవాళ్లను తలుచుకునే అర్థానిది. "పాపం మా నాన్న ఈ కుర్చీలోనే కూర్చునేవాడు." అన్నది ఆవిడే, చోటు ఆవిడ ఇల్లే. ఇది రాసిన రోజు ఆయన ఆ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడని పెద్దాయన చెప్పాడు. వారం తిరక్కుండా ఆవిడ ఆ మాట అనాల్సి వచ్చిందని కూడా.

"తీసేయండి సార్. మా వదినకు ఏడో నెల," అంది చిట్టి.

పెద్దాయన చీటీలు సర్ది సొరుగులో పెట్టాడు. అచ్చయిన కాగితాన్ని తను వెనక్కి తీసుకోలేనని అన్నాడు. అన్నాక సొరుగు మూశాడు.

రెండు రోజులు చిట్టికి అన్నం సహించలేదు, పని మీద ధ్యాస లేదు. వదిన నోరు విప్పినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ఒక దారి తోచింది. ఆ వాక్యం తను కోడిని చూసి కట్టింది. కోడే లేకపోతే వదిన దేన్ని చూసి అంటుంది? బుధవారం సాయంత్రం, కోళ్ల వాసన కడుపుతో ఉన్నవాళ్లకు మంచిది కాదట అని ఒక అబద్ధం చెప్పి, ఎనిమిదింటినీ బుట్టల్లో పెట్టి పక్కింటావిడకు ఇచ్చేసింది. పక్కింటావిడ మొహం చాటంత అయింది. వదిన ఖాళీ పెరడు చూసి, "గాలి బాగా ఆడుతోంది," అంది.

పందొమ్మిది గురువారం. చిట్టి సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయింది. అన్నయ్య డిపోకు వెళ్లాడు. పెరటి తలుపు తీసి ఖాళీ గూళ్లను చూస్తూ నిలబడ్డప్పుడు, ఆమెకు అసలు సంగతి తట్టింది.

కోళ్లుంటే ఆ మాట కోళ్ల మీద పోయేది. ఎర్రకోడిని చూసి విసుక్కుని అనేసేది, అంతటితో తీరేది. ఇప్పుడా మాట వాలడానికి ఈ ఇంట్లో ఏముంది? ఎంత పెట్టినా ఇంతే అనిపించుకునేది ఇంకేముంది? నర్సమ్మ మూడింటికి వచ్చి కొలిచేసరికి టేపు అదే అంకె చూపిస్తే, అన్నం తిని తిని విసిగిన వదిన తన కడుపు మీద చెయ్యేసుకుని ఏమంటుంది?

పరుగున లోపలికి వచ్చింది. పక్కింటికి వెళ్లి ఎర్రకోడిని తిరిగి ఇమ్మని అడిగితే, ఆవిడ పొద్దున్నే అన్నిటినీ బుట్టలతో సహా చెల్లెలింటికి పంపేసిందని తెలిసింది. సరే, వేరే దేన్నయినా చూపించి అనిపించాలి. మధ్యాహ్నం లోపల అనిపించేయాలి.

"వదినా, ఈ మిషనుకి ఎంత నూనె పోసినా అంతే కదూ?" అంది.

"దానికేం, రాణిలా నడుస్తోంది."

"ఈ కొళాయి చూడు. ఎంత తిప్పినా..."

"నాకు సన్నధారే బాగుంటుంది. మీద చిందదు."

స్టవ్వు చూపించింది, అద్దం చూపించింది, పళ్లు రాలిపోయిన దువ్వెన చూపించింది. ప్రతిదానిలోనూ వదినకు ఒక గుణం కనిపించింది. దువ్వెనకు పళ్లు తక్కువైతే జుట్టు ఊడదట. ఇంకో రోజైతే చిట్టి పొట్ట పట్టుకుని నవ్వేది.

"ఏమైందే నీకు? పొద్దుట్నుంచీ ఇంట్లో ప్రతిదాని మీదా పితూరీలు చెబుతున్నావు," అని వదిన మిషను ఆపింది.

చిట్టి ఇక దాచలేకపోయింది. వదిన కాళ్ల దగ్గర కూర్చుని, మొదట్నుంచీ చెప్పేసింది. సొరుగు, ఖాళీ చీటీ, తను కల్పించిన వాక్యం, స్టాంపు, ఎర్రటిక్కులు, కళ్లద్దాలావిడ నాన్న. చెబుతున్నంతసేపూ వదిన చేతిలోని కాలరును మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ వింది.

"నేనన్నానని రాశావా?" అంది చివరికి.

"ఊఁ."

"నేను."

చిట్టి తల దించుకుంది. వదినకు కోపం వస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు. ఇది కోపంలా లేదు. వదిన ఎదుటి గోడను చూస్తోంది, అక్కడ సన్న అక్షరాలతో రాసున్నదేదో చదువుతున్నట్టు.

"ఆ రెండు సార్లూ కూడా ఈ నోరు కట్టేసుకున్నాను. ఒకసారి అన్నామంటే అది ఇల్లు పట్టేస్తుందని నాకు తెలుసు, నీ పెద్దాయన చెప్పక్కర్లేదు." కాలరును ఒళ్లో పెట్టుకుంది. "దేన్ని చూసి అన్నానని రాశావ్?"

"అది రాయలేదు వదినా. ఉత్త వాక్యమే."

"ఈవేళ అనక తప్పదంటావ్."

"ఇప్పటిదాకా ఎవరూ తప్పించుకోలేదట."

"అయితే దేన్ననాలో నా ఇష్టమన్నమాట," అంది వదిన. కాలరును మిషను కింద పెట్టి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

చిట్టికి ప్రాణం లేచొచ్చినట్టయింది. నిజమే, ఈ తోవ తనకు తట్టనే లేదు. వదిన ఏ చిరుగు గుడ్డనో చూసి ఆ మాట అనేస్తుంది, గండం గడుస్తుంది. ముఖం కడుక్కుని, వంటింట్లోకి వెళ్లి పాలు పెట్టింది. అప్పుడప్పుడూ చెవి ఒగ్గి వింది. మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పన్నెండయింది, రెండయింది. వదిన అనలేదు.

మూడుకు నర్సమ్మ వచ్చింది. వదిన బల్ల మీద పడుకుంది. చిట్టి గోడవారగా నిలబడింది. టేపు పొట్ట మీద పరుచుకుంది. నర్సమ్మ వేలితో అంకె పట్టుకుని, కళ్లు చికిలించి చూసి, అట్ట తీసి చూసింది. మూడోసారీ అదే అంకె. చెవిగొట్టం పెట్టి చాలాసేపు వింది. ముఖంలో ఏమీ కనిపించనీయకుండా ఉండటం ఆమెకు వృత్తి నేర్పిన విద్యే అయినా, ఈసారి సరిగ్గా చేతకాలేదు.

"కదులుతోందా?"

"నిన్న మధ్యాహ్నం నుంచి తెలియలేదు," అంది వదిన. ఆ గొంతు చిట్టి ఎన్నడూ విననిది.

"తింటున్నావా సరిగ్గా? ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా అమ్మా?"

"ఎందుకు లేరు. ఆడపడుచు ఉందిగా." వదిన బల్ల మీదే తల పక్కకు తిప్పింది. "తొమ్మిదేళ్లప్పుడు నా చేతికొచ్చింది. నా చేత్తోనే పెంచాను."

అలా అంటూ చిట్టిని చూసింది. పాదాల నుంచి పైకి, మెల్లగా, మోకాళ్లు, నడుము, భుజాలు, కాలరుకు గుడ్డ కత్తిరించేముందు చూసినట్టు చూసింది. చూపు ముఖం దాకా వచ్చి ఆగింది. ఆ కళ్లల్లో నీళ్లున్నాయి. పెదవులు మాత్రం నిదానంగా, ఒక్క అక్షరం కూడా పొల్లు పోకుండా కదిలాయి.

"ఎంత పెట్టినా ఇది ఇంతే ఇస్తుంది."

నర్సమ్మ నవ్వేసింది. వదినామరదళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇదే పాట అని, టేపు చుట్టబోయి, చటుక్కున ఆగింది. ఆమె అరచేయి ఇంకా పొట్ట మీదే ఉంది. చేయి కింద ఏదో ఉబికి, పక్కకు జరిగి, మళ్లీ గట్టిగా ఉబికింది. వదిన ఊపిరి లోపలికి పీల్చింది.

"ఇదిగో, బ్రహ్మాండంగా తంతోంది," అని నర్సమ్మ టేపు మళ్లీ పరిచింది. ఈసారి కొలిచి, తనలో తను గొణుక్కుంది. రెండు వేళ్లు ఎక్కువే ఉందట. ఇందాక టేపు మడత పడి ఉంటుందట. వంటింట్లో కొళాయి, ఎవరూ తిప్పకుండానే, సింకులోకి లావుపాటి ధారగా దూకింది.

చిట్టి వదినా అని పిలవబోయింది. ఆ పిలుపుకు సరిపడా గాలి గొంతులోకి రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. లోపలెక్కడో అడుగంటిన డబ్బాను చెంచాతో గీకినట్టయింది, అంతే. చేతులు చూసుకుంది. ఎప్పటిలాగే ఉన్నాయి, కాకపోతే బరువు తగ్గినట్టు, తనవి కానట్టు ఉన్నాయి. కొంచెంగా ఇచ్చేది ఏదో గుమ్మంలోంచి లేచి వచ్చి తన లోపల కూర్చుందని ఆమెకు తెలిసింది. తను ఈ ఇంట్లోనే ఉంటే రేపది మళ్లీ దేని మీదికి పాకుతుందో కూడా తెలిసింది.

వదిన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. వెళ్లమనలేదు. ఉండమని కూడా అనలేదు. ఆమె భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలియడం లేదు. నర్సమ్మ అట్ట మీద కొత్త అంకె రాసుకుంటోంది.

గుమ్మం బయట అన్నయ్య అప్పుడే డిపో నుంచి వచ్చి, వంగి బూట్లు విప్పుకుంటున్నాడు. లోపల ఎలా ఉందని తలూపి సైగతో అడిగాడు. చిట్టి బాగుందన్నట్టు తల ఊపింది. ఎక్కడికని అడిగాడు. ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చి, అతని భుజం మీద ఒక క్షణం చెయ్యి ఆనించి, ఏమీ చెప్పకుండానే మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయింది.